తాకకుండా నాడి పట్టడం

పిండిమరలో మోటారు వింతగా మూలగడం మొదలుపెడితే మెకానిక్ మొదట చేసే పని ఒకటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, దాని కొనను బేరింగు ఉన్నచోట ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకుంటాడు. చుట్టూ బెల్టు చప్పుడు, జల్లెడ చప్పుడు, డబ్బాలు పట్టుకుని నిలబడ్డవాళ్ల మాటలు. వాటితో ఆయనకు పనిలేదు. ఉక్కు కడ్డీ వెంట పాకి వచ్చే గరగర ఒక్కటే కావాలి. అర నిమిషం విని "బేరింగు పోయింది" అనో, "బేరింగు బాగానే ఉంది, కింద ఏదో వదులైంది" అనో చెప్పేస్తాడు. చెయ్యి పట్టుకుని నాడి చూసే వైద్యుడికీ ఈయనకూ పెద్ద తేడా లేదు.

కంపనాన్ని కొలిచే శాస్త్రం చాలాకాలం ఈ స్క్రూడ్రైవర్ దారిలోనే నడిచింది. ఇవాళ కర్మాగారాల్లో వాడే యాక్సిలరోమీటర్ చూడటానికి చిన్న బిళ్లలా ఉంటుంది. లోపల ఒక స్ఫటికం, దాని మీద కొద్దిపాటి బరువు. యంత్రం అదిరితే ఆ బరువు స్ఫటికాన్ని నొక్కుతుంది, నొక్కినప్పుడల్లా స్ఫటికంలో విద్యుదావేశం పుడుతుంది. చెవి స్థానంలో స్ఫటికం వచ్చింది గానీ పద్ధతి మారలేదు. అతికించాలి, తీగ లాగాలి, తాకాలి.

తాకడంలో ఉన్న చిక్కేమిటో ఇంట్లోనే చూడొచ్చు. బడిపిల్లల 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు ఒకటి తీసుకుని, 5 సెంటీమీటర్లు బల్ల మీద, 25 సెంటీమీటర్లు గాల్లో ఉండేట్టు పెట్టి, లోపలి వైపు ఒక చెక్కముక్క వేసి వడ్రంగి క్లాంపుతో బిగించాను. మధ్యాహ్నం, వరండాలో, ఎండ సూటిగా పడేచోట. ఫోనును ఇటుకల దొంతరకు ఆనించి, స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వేగం ఎంచుకుని, స్కేలు కొసను వేలితో కిందికి వంచి వదిలాను. తర్వాత ఆ వీడియోను కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ లెక్కపెట్టాను. పది ఊగులకు 267 ఫ్రేములు పట్టాయి. ఒక్కో ఊగుకు 26.7. అంటే సెకనుకు 9 ఊగులు, 9 హెర్ట్జ్.

ఇప్పుడు స్కేలు కొసన పది రూపాయల బిళ్ల ఒకటి టేపుతో అంటించి మళ్లీ వదిలాను. ఈసారి పది ఊగులకు 358 ఫ్రేములు. పౌనఃపున్యం 6.7 హెర్ట్జ్‌కు పడిపోయింది. ఆ బిళ్ల 8 గ్రాములు కూడా తూగదు. స్కేలు నాడి చూద్దామని వెళ్లి, చూసే పనిలోనే నాడిని నాలుగో వంతు తగ్గించేశామన్నమాట. పెద్ద టర్బైనుకు బిళ్లంత యాక్సిలరోమీటర్ బరువు లెక్కలోకి రాదు. పల్చటి రేకుకో, వీణ తీగకో, డ్రోన్ రెక్కకో అంటిస్తే మాత్రం మనం కొలిచేది ఆ వస్తువును కాదు, ఆ వస్తువూ బిళ్లా కలిసిన ఇంకో వస్తువును. ఎర్రగా కాగే కొలిమికీ, గిర్రున తిరిగే చక్రానికీ అసలు అంటించనే లేము.

కెమెరా తాకదు. వస్తువు మీద గ్రాము బరువు పెట్టదు. కానీ దాని మాట నమ్మాలంటే రెండు కొలబద్దలు సరిగ్గా ఉండాలి. ఒకటి కాలానిది, రెండోది దూరానిది. కాలం కొలబద్ద ఎంత తేలిగ్గా మోసం చేస్తుందో అదే స్కేలు చెబుతుంది.

క్లాంపు వదులుచేసి స్కేలును లోపలికి జరిపి, గాల్లో 12.5 సెంటీమీటర్లే ఉంచండి. ఇలా ఒక కొస బిగించిన పట్టీకి పొడవు సగమైతే పౌనఃపున్యం నాలుగింతలవుతుంది. 9 కాస్తా 36 హెర్ట్జ్ అవుతుంది. దీన్ని స్లో మోషన్‌లో కాకుండా మామూలు వీడియోగా, సెకనుకు 30 ఫ్రేములతో తీయండి. ఎండ బాగా ఉంటే ఒక్కో ఫ్రేములో స్కేలు చెదరకుండా స్పష్టంగానే పడుతుంది. కానీ వీడియోలో ఆ స్కేలు తాపీగా, సెకనుకు 6 సార్లు ఊగుతూ కనిపిస్తుంది. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య స్కేలు ఒక పూర్తి ఊగు ముగించి, ఇంకో ఊగులో ఐదో వంతు ముందుకెళ్లింది. ముగిసిపోయిన ఆ ఊగు కెమెరాకు తెలియదు, మిగిలిన ఐదో వంతే తెలుసు. 36లోంచి 30 పోతే 6. పాత సినిమాల్లో గుర్రబ్బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడేదీ ఇందుకే. ఇంజనీర్లు దీన్ని ఏలియాసింగ్ అంటారు, మారుపేరుతో తిరగడం అని. ఫ్రేముల వేగంలో సగానికి మించిన పౌనఃపున్యం ఏదైనా మారుపేరుతోనే కెమెరా గుమ్మం తొక్కుతుంది. 240 ఫ్రేముల ఫోనుకు ఆ హద్దు 120 హెర్ట్జ్.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఇదే ప్రయోగం 240 ఫ్రేములతో, రాత్రిపూట పాత ట్యూబులైటు కింద చేస్తే, లెక్కల్లో 100 హెర్ట్జ్ కంపనం ఒకటి బయటపడుతుంది. అది స్కేలుది కాదు. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది, ఆ దీపమూ అన్నిసార్లు మినుకుమంటుంది. కన్ను పట్టించుకోని ఆ మినుకును కెమెరా శ్రద్ధగా నమోదు చేస్తుంది.

కాలం కొలబద్ద తప్పితే ఏమవుతుందో చెప్పడానికి టకోమా నేరోస్ వంతెనను మించిన ఉదాహరణ లేదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 1940 జూలై 1న తెరిచిన వేలాడే వంతెన అది. రెండు గోపురాల నడుమ 853 మీటర్లు. కట్టేటప్పుడే గాలికి అలల్లా లేచి పడేది. ఆ ఏడాది నవంబర్ 7 ఉదయం, గంటకు 67 కిలోమీటర్ల దరిదాపు గాలిలో, ఆ లేచిపడటం ఆగి మెలిక మొదలైంది. తడిబట్ట పిండుతున్నట్టు రోడ్డు ఒక వైపు లేస్తే ఇంకో వైపు దిగుతోంది. పదకొండు గంటలు దాటాక మధ్య భాగం తెగి నీళ్లలో పడింది. టకోమా ఊళ్లో కెమెరాల దుకాణం నడిపే బార్నీ ఎలియట్, ఆయన భాగస్వామి హార్బైన్ మన్రో దాన్ని 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు. ప్రపంచమంతటా భౌతికశాస్త్రం తరగతుల్లో చూపించేది ఆ ఫిల్మునే.

చిక్కేమిటంటే, ఆ ఫిల్మును తీసింది సెకనుకు 16 ఫ్రేముల వేగంతో. తర్వాత తరగతి గదుల కోసం కాపీలు తీసినప్పుడు అది 24 ఫ్రేముల వేగంతో నడిచింది. వంతెన ఒకటిన్నర రెట్లు వేగంగా మెలిపడుతున్నట్టు కనిపించింది. దశాబ్దాల తరబడి విద్యార్థులు ఆ వీడియో చూసి నిమిషానికి 18 మెలికలని లెక్కగట్టారు. నిజానికి 12. ఆ రోజు అక్కడ నిలబడి వాచీ చూసి లెక్కపెట్టినవాళ్ల అంకె అదే. భౌతికశాస్త్రవేత్త డొనాల్డ్ ఓల్సన్, ఆయన సహచరులు 2015లో ఈ తేడాను విప్పి చెప్పారు. ఫిల్ములో ప్రతి బొమ్మా నిజమే. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎంత కాలం గడిచిందన్న ఒక్క సంగతి జారిపోయింది. దాంతో కొలత మొత్తం పోయింది.

టకోమా పేరెత్తితే నాకు ఊరుకోబుద్ధి కాని విషయం మరొకటుంది. చాలా పాఠాలు దాన్ని అనునాదానికి ఉదాహరణగా చెబుతాయి, వంతెన సహజ లయకు సరిగ్గా సరిపోయేట్టు గాలి తోసిందని. గాలి అలా తాళం వేసినట్టు వీయలేదు. వంతెన కొద్దిగా మెలిపడగానే దాని చుట్టూ గాలి నడక మారింది. మారిన గాలి ఆ మెలికనే ఇంకాస్త పెంచింది. పెరిగిన మెలిక గాలి నుంచి ఇంకాస్త శక్తి లాక్కుంది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. ఇవాళ వేలాడే వంతెనలు కట్టేవాళ్లు ఈ తేడాను లెక్కలోకి తీసుకునే కడతారు.

ఇక దూరం కొలబద్ద. అసలు అద్భుతం ఇక్కడుంది.

మామూలుగా మనకు తోచే పద్ధతి ఇది: వస్తువు మీద ఒక చుక్క పెట్టి, ప్రతి ఫ్రేములో అది ఏ పిక్సెల్‌లో ఉందో చూడటం. స్కేలు కొసకు ఇది చాలు, అది సెంటీమీటర్ల లెక్కన ఊగుతోంది. కానీ యంత్రాల కంపనాలు తరచు మైక్రోమీటర్లలో ఉంటాయి. 1920 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మలో 30 సెంటీమీటర్లు పట్టేట్టు కెమెరా పెడితే, ఒక్కో పిక్సెల్ 0.16 మిల్లీమీటర్ల మేర చూస్తుంది. తలవెంట్రుక మందం దానిలో సగం. వెంట్రుకలో పదో వంతు కదిలిన యంత్రం ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు పోనే పోదు. మరి ఎలా పట్టుకుంటారు?

మేడ మీద నిలబడి కింద వాకిలి చూస్తున్నామనుకోండి. వాకిలంతా షాబాదు బండలు పరిచి ఉంది. చూరు నీడ అంచు ఒక వరస బండల నడిమికి పడింది. మన చూపు మందగించి, బండ లోపలి గీతలేవీ కనిపించడం లేదు. ఏ బండ ఎంత వెలుగుగా ఉందో అంతవరకే తెలుస్తోంది. పూర్తిగా ఎండలో ఉన్నవి తెల్లగా, పూర్తిగా నీడలో ఉన్నవి నల్లగా, మధ్య వరస బూడిద రంగులో. నీడ అంగుళం జరిగితే ఎండ బండలు మారవు, నీడ బండలు మారవు. మధ్య వరస మాత్రం కాస్త తెల్లబడుతుంది, లేదా కాస్త నల్లబడుతుంది. నీడ అంచును మనం చూడకుండానే అది ఎంత జరిగిందో చెప్పగలం.

కెమెరాలో ఒక్కో పిక్సెల్ అలాంటి బండే. తెల్లగోడ ముందు నల్లటి మోటారు ఉంటే, సరిహద్దు పడిన పిక్సెల్ వెలుగు ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది. తెలుపుకూ నలుపుకూ మధ్య 200 మెట్ల తేడా ఉందనుకుంటే, అంచు పిక్సెల్‌లో నూరో వంతు జరిగినప్పుడు ఆ వెలుగు 2 మెట్లు మారుతుంది. మన లెక్కలో పిక్సెల్‌లో నూరో వంతంటే 1.6 మైక్రోమీటర్లు. కెమెరా కదలికను చూడలేదు. వెలుగు మార్పును తూచింది, కదలిక ఎంతో మనం లెక్కకట్టాం.

అయితే ఏ కెమెరాలోనైనా పిక్సెల్ వెలుగు ఊరికే కూడా ఒకటి రెండు మెట్లు అటూఇటూ తొణుకుతూనే ఉంటుంది. కదలిక వల్ల వచ్చిన 2 మెట్లు ఆ తొణుకులో కలిసిపోవా? ఒక్క పిక్సెల్‌నే నమ్ముకుంటే కలిసిపోతాయి. మోటారు అంచు వెంట 400 పిక్సెళ్లు ఉంటే, అవన్నీ ఒకే కదలికను చెబుతాయి, తొణుకు మాత్రం ఎవరి దారి వారిది. అన్నిటి సగటు తీస్తే తొణుకు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. ఒక్క సాక్షి తడబడవచ్చు, నాలుగు వందలమంది ఒకేలా తడబడరు.

దీనికో బలహీనత ఉంది. నీడ అంచు ఉన్న వరసలోనే మార్పు తెలిసినట్టు, వెలుగునీడల తేడా ఉన్నచోటే కదలిక తెలుస్తుంది. సున్నం కొట్టిన నున్నటి గోడ ఎంత అదిరినా కెమెరాకు ఏమీ చెప్పదు. అంచు ఉన్నా, దాని వెంబడే కదిలితే తెలియదు. చీరె జరీ అంచును పొడవునా లాగితే చూసేవాడికి గీత కదిలినట్టే ఉండదు, అడ్డంగా లాగితేనే ఉంటుంది. అందుకే ప్రయోగశాలల్లో పరీక్షించే రేకుల మీద తెల్లరంగు పూసి, పైన నల్లచుక్కలు చిలకరిస్తారు. ఏ దిక్కున కదిలినా ఏదో ఒక చుక్క అంచు ఆ సంగతి చెబుతుంది.

కదిలేదాన్ని, ఉదాహరణకు ప్రవాహాన్ని, చూడటానికి గణితంలో రెండు పాత దారులున్నాయి. గోదావరి రేవులో నిలబడి, కొట్టుకుపోతున్న ఒక మోదుగాకు మీద చూపు పెట్టి దాని వెంటే పోవడం ఒకటి. అది లగ్రాంజ్ పేరు మీద ఉంది. ఆకును వదిలేసి, రేవు మెట్టు దగ్గర ఒకచోట నీళ్లు ఎలా లేచి పడుతున్నాయో చూస్తూ నిలబడటం రెండోది. అది ఆయిలర్ పేరు మీద ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో విలియం ఫ్రీమన్, ఫ్రెడో డ్యురాన్ బృందం 2005లో చిన్న కదలికలను పెద్దవి చేసి చూపించే పని మొదట లగ్రాంజ్ దారిలో చేసింది. ప్రతి చుక్కనూ వెంటాడాలి, లెక్క బరువు, ఒకచోట తప్పితే బొమ్మ చెదిరిపోతుంది. 2012లో వాళ్లు దారి మార్చారు. ఏ చుక్కనూ వెంటాడకుండా ప్రతి పిక్సెల్ దగ్గరా నిలబడి, వెలుగు ఎలా తొణుకుతోందో చూసి, కావలసిన పౌనఃపున్యాల తొణుకును మాత్రమే వడకట్టి, దాన్ని ఎన్నో రెట్లు పెంచి తిరిగి వీడియోలో కలిపారు. నిద్రపోతున్న పసిబిడ్డ ఊపిరి స్పష్టంగా కనబడింది. కుదురుగా కూర్చున్న మనిషి ముఖం గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎర్రబడి పాలిపోవడం కనబడింది. నాడి పట్టకుండానే నాడి కనిపించింది. మరుసటి ఏడాది ఇంకా మెరుగైన పద్ధతి వచ్చింది. బొమ్మను చిన్నా పెద్దా అలలుగా విడదీసి, వెలుగుకు బదులు ఒక్కో అల ఎంత జరిగిందో, అంటే దాని దశను, కొలిచే పద్ధతి. ఇందులో తొణుకు అంతగా పెరగదు.

అదే ఎంఐటీలో ఏబ్ డేవిస్, ఆయన సహచరులు 2014లో చూపించినది చదివినప్పుడు నాకు కొంతసేపు నమ్మబుద్ధి కాలేదు. గదిలో నేల మీద ఖాళీ చిప్స్ ప్యాకెట్ ఒకటి పడి ఉంది. గదిలో ఒక మనిషి మాట్లాడుతున్నాడు. శబ్దం దాటని గాజు పలకకు ఇవతల, 15 అడుగుల దూరంలో కెమెరా. మాట గాలిని కదిలిస్తుంది, గాలి ఆ ప్యాకెట్‌ను కంటికి అందనంత కొద్దిగా కదిలిస్తుంది, ఆ కదలిక పిక్సెళ్ల వెలుగులో పడుతుంది. ఆ వెలుగులోంచి మాటను తిరిగి లాగి వినిపించారు. ఇలాంటి ప్రయోగాలకు సెకనుకు 2,000 నుంచి 6,000 ఫ్రేములు తీసే కెమెరా వాడారు. మాటలో వందల హెర్ట్జ్‌లు ఉంటాయి గనక మారుపేరు గొడవ రాకుండా అంత వేగం కావాలి.

తర్వాత సెకనుకు 60 ఫ్రేముల మామూలు కెమెరాతోనూ శబ్దం లాగారు. 30 హెర్ట్జ్ హద్దు ఏమైంది మరి? ఇది పెళ్లిభోజనాల వడ్డన లాంటిది. బంతి మొదట్లో కూర్చున్నవాడి విస్తట్లో పప్పు పడ్డ క్షణానికీ, చివరివాడి విస్తట్లో పడ్డ క్షణానికీ తేడా ఉంటుంది. మామూలు కెమెరా సెన్సరు కూడా ఫ్రేమునంతా ఒక్కసారి తీయదు. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతుంది. ఫోనుతో తీసిన ఫ్యాను రెక్కలు కత్తుల్లా వంకర పోయేది దీనివల్లే. అందరూ లోపమని తిట్టుకునే ఈ గుణాన్ని వాళ్లు వరంగా మార్చుకున్నారు. ఒక్క ఫ్రేములో వెయ్యి వరసలుంటే, వెయ్యి వేరువేరు క్షణాల్లో తీసిన కొలతలు చేతిలో ఉన్నట్టే.

పెద్ద కట్టడాల దగ్గరికొస్తే కథ మారుతుంది. ఎంఐటీ ఆవరణలో 21 అంతస్తుల గ్రీన్ బిల్డింగ్ మీద యాంటెన్నా గోపురం ఉంది. జస్టిన్ చెన్, ఓరల్ బుయుకోజ్‌టుర్క్ బృందం దాని ఊగును 175 మీటర్లకు పైగా దూరంలో పెట్టిన కెమెరాతో కొలిచింది. అంత దూరంలో ఒక పిక్సెల్ చాలా మేర చూస్తుంది. దానికి తోడు కెమెరా కాళ్ల కింద నేల కూడా అదురుతుంది, ఆ అదురు గోపురం అదురుగా నమోదవుతుంది. మందు ఒకటే. బొమ్మలో కదలదని నమ్మకమున్న మరో వస్తువును కూడా పట్టి, అది ఎంత కదిలినట్టు కనిపిస్తే అంతా కెమెరా పాపమని తీసివేయాలి.

కెమెరా అన్నిటినీ గెలుస్తుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఒకే త్వరణంతో కంపించే రెండు వస్తువుల్లో, పౌనఃపున్యం పదింతలున్నదాని కదలిక నూరో వంతే ఉంటుంది. గురుత్వ త్వరణమంత బలంగా అదిరే వస్తువు 10 హెర్ట్జ్ దగ్గర మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. 1,000 హెర్ట్జ్ దగ్గర మిల్లీమీటరులో నాలుగువేలో వంతే. యాక్సిలరోమీటర్‌కు రెండూ ఒకే బలంతో వినిపిస్తాయి, కెమెరాకు రెండోది దాదాపు కనిపించదు. అరిగిన బేరింగు చేసే గరగర ఎక్కువగా ఆ ఎత్తైన పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. ఆ పనికి బిళ్ల కావాలి, లేదా స్క్రూడ్రైవర్ కావాలి. పైగా వేగం పెరిగేకొద్దీ ఫ్రేముకు దొరికే వెలుగు తరిగిపోతుంది. వేల ఫ్రేముల కెమెరాకు మామూలు గది చీకటిగదితో సమానం.

కెమెరా నిజంగా గెలిచేది ఎక్కడంటే, తప్పు ఎక్కడుందో తెలియనిచోట. బిళ్ల తానున్న చోటు సంగతే చెబుతుంది. కెమెరాలో ప్రతి అంచూ ఒక బిళ్లే.

మా అపార్టుమెంటులో నీళ్లు పైకి తోడే మోటారు నిమిషానికి దాదాపు 2,880 చుట్లు తిరుగుతుంది, అంటే 48 హెర్ట్జ్. కొన్నాళ్లుగా దాని రొద కింది ఇంటి గోడల్లోకి పాకుతోంది. ఓ ఉదయం ఎండ మోటారు మీద పడే వేళకు ఫోను పట్టుకెళ్లి, పక్కన పిట్టగోడ మీద ఆనించి, 240 ఫ్రేముల వేగంతో అర నిమిషం తీశాను. ఎంఐటీవాళ్లు పరిశోధన కోసం బయటపెట్టిన ప్రోగ్రాముతో 45 నుంచి 51 హెర్ట్జ్‌ల కదలికను మాత్రం 30 రెట్లు పెంచి చూశాను. మోటారుకు నాలుగు కాళ్లు. మూడు కాళ్లు సిమెంటు దిమ్మతో కలిసి ఒక్కటిగా ఉన్నాయి. గోడ వైపున్న నాలుగో కాలు దిమ్మ మీద నుంచి లేచి, ఆని, మళ్లీ లేస్తోంది, పప్పు ఉడికేటప్పుడు గిన్నె మీద మూత తెరుచుకుని మూసుకున్నట్టు. దిమ్మ అంచూ కాలి అంచూ కలిసేచోట సన్నటి చీకటి గీత పుట్టి మాయమవుతోంది.

మెకానిక్‌ను పిలిచి వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా స్పానర్ తీసి ఆ బోల్టు ఒకటిన్నర చుట్టు బిగించాడు. రొద సగానికి తగ్గింది. మళ్లీ తీశాం. నాలుగు కాళ్లూ దిమ్మకు అతుక్కుని ఉన్నాయి. కానీ ఈసారి మా ఇద్దరి చూపూ పైకి వెళ్లింది. మొదటి వీడియోలో కాలినే చూస్తూ గమనించలేదు గానీ, గోడలోకి వెళ్లే జీఐ పైపు కూడా అదే లయలో ఊగుతోంది. పైపు గోడను తాకే చోట క్లాంపు లేదు.